ఆరూ ఇరవైకి పలికే కుండ

ఏడేళ్ళ కిందటి ఏప్రిల్ పదకొండు. ఆ మధ్యాహ్నం వేదగిరి తిన్నది దోసకాయ పప్పు, ఊరమిరపకాయలు, కాస్త అడుగంటిన అన్నం. తేదీ కంటే ఆ మాడు వాసనే ఆయనకు బాగా గుర్తు. భోజనం చివర హైమావతి వంటింటి మూలనున్న కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి ఇచ్చింది. సగం తాగి, గ్లాసు చేతిలో పట్టుకుని ఆయన అలాగే ఉండిపోయాడు.

“ఏం, చీమ పడిందా?” అంది హైమావతి.

“ఇవి ఏ నీళ్ళు?”

“బోరు నీళ్ళే. క్యానువాడు ఇవాళ రాలేదు. ఒక్క పూటకి ఏం కాదులే అని పోశాను. కోప్పడకండి.”

“మన బోరు నీళ్ళకి ఆ చప్పటి జవుకు రుచి ఉండాలి కదా. ఏదీ?”

ఆమె కూడా ఒక గుక్క తాగి చూసి కళ్ళు పెద్దవి చేసింది. వేదగిరి చెయ్యి కడుక్కుని, కుండలోంచి ఇంకో గ్లాసు ముంచుకుని, దానిమీద సాసరు మూతపెట్టి, రెండు చేతులతో పట్టుకుని ఆటో ఎక్కాడు. గతుకు వచ్చినప్పుడల్లా గ్లాసును గుండెకు హత్తుకున్నాడు.

“తీర్థమా సార్?” అన్నాడు ఆటో అతను అద్దంలోంచి చూస్తూ.

“ఇంకా తెలీదు,” అన్నాడు వేదగిరి.

ఆయన పనిచేసే ప్రయోగశాల ఒంగోలు ఊరి బయట ఒక పాత పొగాకు బ్యారన్‌లో, ఆకు కాల్చి ఆరబెట్టే కొట్టంలో ఉండేది. పొగాకు మానేసిన రైతు దగ్గర తక్కువ అద్దెకు దొరికింది. మందపాటి గోడలు, నడి వేసవిలోనూ లోపల చల్లగా ఉండేది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా పొగాకు వాసన మాత్రం గోడలను వదల్లేదు. అక్కడ ఆయన రెండేళ్ళుగా చేస్తున్న పని ఒక్కటే. నాచులోంచి పుట్టించిన, కంటికి కనబడని ఒక జీవిని మట్టికుండ గోడలో బతికించడం. ఆ జీవి నీళ్ళలోని ఫ్లోరైడును పట్టుకుని, కుండ బయటి వైపుకు తెల్లటి పెచ్చుగా నెట్టేస్తుంది. గాజు జాడీలో అది మహారాజులా బతికేది. కుండలో పోస్తే పదకొండో రోజుకు చచ్చేది. అలా నలభై కుండలు పోయాయి. గాజుతో యంత్రం చేయొచ్చు. కానీ ఆ యంత్రం కొనగలిగిన ఇంట్లో ఫ్లోరైడు నీళ్ళు ఎవరూ తాగరు. కనిగిరి అవతలి పల్లెల్లో, నలభై ఏళ్ళకే నడుములు వంగిపోయిన మనుషులు కొనగలిగింది కుండ ఒక్కటే.

చచ్చిన కుండను పారేయడమెందుకు, కందిపప్పు పోసుకుంటానని హైమావతి వాటిలో ఒకదాన్ని ఇంటికి తెచ్చుకుంది. ఎండలు ముదరగానే పప్పు తీసేసి నీళ్ళు పోసింది. తడి ఇసుక మీద కూర్చోబెట్టి, రోజూ సాయంత్రం బియ్యం కడిగిన నీళ్ళు కుండకు బయటి వైపు పోసేది. చల్లగా ఉంటుందని వాళ్ళమ్మ అలా చేసేదట.

ఆ మధ్యాహ్నం బ్యారన్‌లో పరీక్ష గొట్టంలోని గులాబీ రంగు గులాబీగానే నిలిచింది. పాలిపోలేదు. అంటే నీళ్ళలో ఫ్లోరైడు దాదాపు లేదు. వేదగిరి మూడుసార్లు చేసి చూశాడు.

జీవి చావలేదు, నిద్రపోయింది. రెండేళ్ళూ ఆయన దాని తిండిని లోపల, నీళ్ళలో కలిపాడు. హైమావతి బయట పోసింది. దానికి నీళ్ళు ఒక పక్క నుంచి, తిండి ఇంకో పక్క నుంచి కావాలి. అప్పుడే అది మధ్యలో, గోడలో నిలబడుతుంది.

“అయితే మీ రెండేళ్ళ చదువూ నా కడుగునీళ్ళలో ఉందన్నమాట,” అని నవ్వింది హైమావతి. పరిశోధన పత్రంలో ఆయన రెండో పేరుగా ఆమె పేరు రాశాడు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసే ఆవిడ పేరు ఇందులో ఎందుకని పైవాళ్ళు కొట్టేశారు.

పేరు కొట్టేశారు గానీ, ఆమె వేళను ఎవరూ కొట్టేయలేకపోయారు. ఆరింటికి ఆమె ఉద్యోగం నుంచి ఇంటికి వచ్చి, చీర మార్చుకుని, బియ్యం కడిగేసరికి ఆరూ ఇరవై అయ్యేది. కొద్ది రోజులకే కుండ ఆ వేళకు అలవాటు పడింది. ఆరూ ఇరవై కాగానే, ఎవరూ నీళ్ళు పోయకముందే, మెడ చుట్టూ ఉన్న ఆకుపచ్చ గీత కాస్త ఉబ్బేది. గోడలోంచి చిన్న సవ్వడి మొదలయ్యేది. నానబోసిన పెసలు గిన్నెలో చేసుకునే సవ్వడి లాంటిది. చెవి పెడితేనే వినపడేది.

“ఆకలేస్తోంది దానికి,” అనేది హైమావతి. వంటింటి తలుపుకు అడ్డంగా ఒక ఇటుకముక్క పెట్టి, ఎప్పుడూ తెరిచి ఉంచేది. “తలుపేస్తే దానికి గాలాడదు. మీరు మరిచిపోయి వేస్తారేమో, జాగ్రత్త.”

*

బయటికి వెళ్ళిన మొదటి కుండ ఎర్రచెలమ అనే ఊళ్ళో ఓబులమ్మ ఇంటికి చేరింది. ఓబులమ్మ నడుము ఎప్పుడో నేలవైపు వంగిపోయింది. “నేనెట్టాగూ కిందికే చూస్తుంటా. ఆ కుండని నా కంటికి ఎదురుగానే పెట్టు సారూ, కాపలా కాస్తా,” అంది.

ఆమె కాపలాతో ఆగలేదు. కుండ మెడ దగ్గరి పొరను గోటి మీద పట్టేంత గీకి, కొత్త కుండకు బయట రాస్తే అదీ బతుకుతుందని వేదగిరి చెప్పాడు. పెరుగు తోడు ఇచ్చినట్టు ఓబులమ్మ దాన్ని ఇంటింటికీ ఇచ్చింది. తోడుకు ఉన్న కట్టుబాట్లన్నీ దానికీ వచ్చాయి. దీపాలు పెట్టాక ఇవ్వకూడదు. ఇచ్చిన ఇంటికి అదే తోడు ఏడాది తిరక్కుండా వెనక్కి రాకూడదు. వేదగిరి ఇవన్నీ ముచ్చటపడి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. రాసుకుని ఊరుకున్నాడు.

అయిదేళ్ళలో రెండు వందల పన్నెండు ఇళ్ళు. అన్ని కుండలూ ఒక తల్లి పిల్లలే కాబట్టి అన్నీ సాయంత్రం ఆరూ ఇరవైకే పలికేవి. ఎర్రచెలమ ఆడవాళ్ళు పొయ్యి వెలిగించడం ఆ వేళకు మార్చుకున్నారు. దానికి ‘హైమమ్మ పొద్దు’ అని పేరు పెట్టుకున్నారు. ఒకసారి ఆ పొద్దుకు హైమావతి ఆ ఊరి వీధిలో నిలబడి, ఇల్లిల్లూ పలకడం విని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

మూడేళ్ళ కిందట వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు. పదో రోజుకు ఆమె లేదు.

శ్మశానంలో వేదగిరి భుజం మీద నీళ్ళకుండ పెట్టారు. చిల్లులు పొడిచిన ఆ కుండతో మూడుసార్లు తిరిగాక, వెనక్కి వదిలెయ్, తిరిగి చూడకుండా నడువు అన్నారు. వదిలేశాడు. చప్పుడు విన్నాడు. తిరిగి చూడలేదు.

పదకొండో రోజు హైమావతి అక్కగారు ఇల్లు కడిగించి, ఆచారం ప్రకారం ఇంట్లోని మట్టిపాత్రలన్నీ బయట పారేయించింది. “ఆ నీళ్ళకుండ ఏదయ్యా?” అని అడిగింది.

“పగిలిపోయింది వదినా,” అన్నాడు వేదగిరి.

కుండ కుట్టుమిషను వెనకాల, గోనెపట్టా కింద ఉంది. ఆయన జీవితంలో ఆచారాన్ని ఎదిరించి మాట్లాడిన మనిషి కాదు. ఎదిరించలేదు కూడా, దాచుకున్నాడంతే. అదే అబద్ధం ప్రయోగశాలలోనూ చెప్పాడు. అక్కడ వంట లేక బయట పంచదార నీళ్ళు పోస్తే, ఆ తిండి సరిపడక కుండలు ఒక్కొక్కటే పోతుంటే, ఎర్రచెలమలో రెండు వందలున్నాయి కదా, ఊరి కంటే భద్రమైన చోటేముంది అన్నాడు.

అప్పటి నుంచి ఆయన సాయంత్రాలకు ఒక్కటే పని. ఒక్క మనిషి బియ్యం కడిగిన నీళ్ళు కుండకు చాలవని రెండు గుప్పిళ్ళు ఎక్కువ వండి, మిగిలిన అన్నం గోడమీద పిచ్చుకలకు పెట్టేవాడు. ఆరూ ఇరవైకి కుండ పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. అది పలికేది. పగలంతా ఫ్యాను చప్పుడు తప్ప మరొకటి వినపడని ఇంట్లో, తను పోసినదానికి బదులు పలికే వస్తువు అదొక్కటే.

*

మే నెలలో ఒక మంగళవారం షాహీనా ఆయన గదిలోకి వచ్చి కూర్చోకుండా నిలబడింది. ఆరేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్న మార్కాపురం అమ్మాయి. చెప్పాల్సింది చెడ్డదైతే ముందు కళ్ళజోడు తుడుచుకుంటుంది. ఇప్పుడు తుడుచుకుంటోంది.

“ఓబులమ్మ చనిపోయిందంట సార్. పదిహేను రోజులైంది.”

“అయ్యో.”

“దినం అయ్యాక కుండలు పారేశారంట. మొన్న శుక్రవారం.”

“ఆ ఇంట్లోవి పోతే పోనీలే. పక్కింటి నుంచి మళ్ళీ తోడు—”

“ఆ ఇంట్లోవి కాదు సార్. ఊళ్ళోవి. మొత్తం.”

ఇద్దరూ షాహీనా కారులో బయలుదేరారు. ఎర్రచెలమ పొలిమేరలో సర్కారు తుమ్మల కింద కుండలు గుట్టగా పడి ఉన్నాయి. కొన్ని పగిలాయి, కొన్ని పగల్లేదు. నాలుగు రోజుల ఎండ. వేదగిరి ఒక్కొక్కటీ ఎత్తి మెడ చూశాడు. ఆకుపచ్చ గీత ఉండాల్సిన చోట బూడిద. పది, ఇరవై, ముప్పై. షాహీనా చివరికి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. “చాలు సార్. ముళ్ళు గీసుకుంటున్నాయి.”

ఓబులమ్మ కోడలు చెంచమ్మ అరుగు మీద చాప పరిచింది. స్టీలు గ్లాసుల్లో సోడా ఇచ్చింది, ఇంట్లో నీళ్ళు ఇవ్వలేక.

“ఒక ఇంట్లో మనిషి పోతే, రెండు వందల ఇళ్ళ కుండలు ఎందుకు పారేశారమ్మా?” అన్నాడు వేదగిరి.

“అదేంది సారూ అట్టంటారు? ఆటన్నిటికీ తల్లి మా అత్త కుండే గదా. ఆమె తోడు తీసుకున్నాక అందరం ఒక కుండోళ్ళమే. దాయాదులం గాదా? ఊరోళ్ళూ మైల పట్టారు, ఊరి బయట మా పల్లెలోనూ పట్టారు. పది దినాలు ఒక్క ఇంట్లో పోపు ఏసింది లేదు. కరణంగారి కోడలు గూడా తలకి నూనె రాసుకోలా. మాయత్తకి ఇట్టాంటి చావొచ్చుద్దని ఎవరనుకున్నారు?” చెంచమ్మ గొంతు గర్వంగా మొదలై మధ్యలో తడబడింది. “పదకొండో నాడు అందరం కలిసే పారేశాం. మళ్ళీ తోడు తెచ్చుకుందాంలే అనుకున్నాం. యాడ్నించి తెచ్చుకోవాలో ఎవరూ అనుకోలా. ఎవరికి వాళ్ళం పక్కింటోళ్ళు ఇస్తార్లే అనుకున్నాం.”

వేదగిరి నోటుపుస్తకంలో ఆ కట్టుబాట్లన్నీ ఆయన చేత్తో రాసుకున్నవే. మనిషి పోతే కుండలు బయటికి పోతాయన్న ఒక్క ముక్క మాత్రం రాసుకోలేదు. తన ఇంట్లో జరిగాక కూడా రాసుకోలేదు.

చెంచమ్మ మనవరాలు ఆరేళ్ళది వచ్చి స్తంభం పట్టుకుని నిలబడింది. “పళ్ళు చూపియ్యవే సారుకి,” అంది చెంచమ్మ. పిల్ల పెదవి కిందికి లాగి చూపించింది. కింద రెండు కొత్త పళ్ళు, మచ్చ లేకుండా, బియ్యపు గింజల్లా తెల్లగా. ఎర్రచెలమలో అలాంటి పళ్ళతో నవ్విన మనిషి అంతకుముందు లేదు. చెంచమ్మ పళ్ళ మీద గోధుమ రంగు చారలున్నాయి. ఆమె మోకాళ్ళు పట్టుకుని గానీ లేవలేదు.

“దీనికి పైపళ్ళు రావాల ఇంక. దీని తమ్ముడికి ఏడో నెల. నాలుగు దినాల నుంచి బోరు నీళ్ళే తాగుతుండారు. ఏదన్నా చెయ్యి సారూ. మీ బ్యారన్లో ఉండాది గదా ఆ మందు?”

“గాజులో ఉన్నది కుండలో బతకదు ఆంటీ,” అంది షాహీనా. “మూడేళ్ళుగా నేను అదే చూస్తున్నా. గాజులో ఉండీ ఉండీ మట్టిలో ఎట్లా బతకాలో మర్చిపోయింది. మట్టిలో బతికింది మీ కుండల్లోనే ఉండేది.”

“ఒక్కటి!” అన్నాడు వేదగిరి. ఆయన గొంతు అంత పెద్దగా లేవడం షాహీనా ఎప్పుడూ వినలేదు. “ఒక్కటంటే ఒక్కటి ఉంచుకోలేకపోయారా? ఇంత ఊళ్ళో ఒక్కళ్ళకైనా దాచుకోవాలని అనిపించలేదా?”

చెంచమ్మ కోప్పడలేదు. కాసేపు ఆయన ముఖంలోకి చూసింది.

“హైమమ్మ పోయినప్పుడు మీ ఇంట్లో కుండలు ఏం చేశారు సారూ?”

అరుగు కింద కోడిపెట్ట నేల గీకుతోంది. వేదగిరి సోడా గ్లాసు కింద పెట్టాడు.

“పారేశాం,” అన్నాడు. కొంత సేపటికి, “ఒకటి దాచుకున్నాను,” అన్నాడు.

“బతికుండాదా?”

“ఉంది.”

“పలుకుద్దా?”

“ఆరూ ఇరవైకి.”

షాహీనా లేచి దూరంగా వెళ్ళి, అవసరం లేకపోయినా కారు అద్దం తుడవడం మొదలుపెట్టింది.

“మరి అది తల్లికే తల్లి గదా,” అంది చెంచమ్మ. ఆమె ముఖం ఒక్కసారి వెలిగి, అంతలోనే ఆగింది. “కాకపోతే సారూ, అది మైల కుండ. మనిషి పోయిన ఇంట్లో ఉండిపోయిన కుండలోంచి తోడంటే ఊళ్ళో ముసలోళ్ళు చెయ్యి పెట్టనియ్యరు. పగిలిందైతే వేరు. పగిలిందానికి మైలేంది, మట్టి మట్టిలో కలిసిపాయె. అదిగూడా ఇంటాయన చేత్తోనే పగలాల.” చెప్పాక, తనేం అడుగుతోందో అప్పుడే అర్థమైనట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

*

తిరుగుదారిలో సగం దూరం పోయాక షాహీనా అంది.

“మూడేళ్ళు నన్ను గాజు జాడీలతో కుస్తీ పట్టించారు సార్.”

“పట్టించాను.”

“అడిగితే ఇచ్చేవారా?”

“లేదమ్మా.”

ఆ జవాబుకు ఆమె కోపం ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. ఇంకో మైలు పోయాక మామూలు గొంతుతో అడిగింది. “గోటితో గీకితే వస్తుందా?”

“ఏడేళ్ళ కుండ. పైన గీత ఉంది గానీ ఉత్త రంగు. జీవం లోపలికి, మట్టి మధ్యలోకి పోయింది. పోయినేడు గీకి చూశాను, ఇంకో కుండకు అంటలేదు.”

“అయితే పొడి చెయ్యాల్సిందే. పొడి చేస్తే ముప్పై కుండలకు వస్తుంది, ముప్పై ఉంటే ఊరంతటికీ తోడుకు చాలు.” ఆమె దారివైపే చూస్తూ చెప్పింది. “జీవి బతుకుద్ది సార్. వేళ మాత్రం బతకదు. పొర తెగకుండా ఒక కుండ నుంచి ఇంకో కుండకి పోతేనే ఆ అలవాటూ దాని వెంట వచ్చేది. నలిగితే మర్చిపోద్ది. మీకు తెలుసు కదా.”

“తెలుసు,” అన్నాడు వేదగిరి. “అది నేను రాసిన పేరానే.”

ఇంటి దగ్గర దించేటప్పుడు ఆమె ఇంజను ఆపలేదు, లోపలికి రాలేదు. “రేపే అని ఏం లేదు సార్,” అని మాత్రం అంది.

ఆరూ పది. ఆయన నాలుగు గుప్పిళ్ళ బియ్యం కడిగాడు. పీట వేసుకున్నాడు. ఆకుపచ్చ గీత నెమ్మదిగా ఉబ్బింది. గోడ గడియారం ముల్లు ఇరవై మీదికి రాగానే కుండ పలికింది. ఏడేళ్ళుగా ఒక్క నిమిషం తప్పలేదు. హైమావతి ఆస్పత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ కూడా ఇది ఖాళీ ఇంట్లో ఎవరూ లేకుండానే పలికి ఉంటుందని ఆయనకు మొదటిసారి తోచింది.

కడుగునీళ్ళు చుట్టూ పోశాడు. ఒక పెంకు దాచుకుంటే, అనుకున్నాడు. కానీ పెంకుకు లోపల, బయట అంటూ ఉండవు. నీళ్ళొక పక్క, తిండొక పక్క లేకపోతే అది రెండు రోజులు కూడా ఉండదు. వేలితో కుండ భుజం మీద తడిమాడు. హైమావతి ఎత్తేటప్పుడు చెయ్యి ఆనించే చోట మట్టి నున్నగా అరిగి ఉంది.

“ఆ పిల్లకి రెండు పళ్ళు వచ్చాయి,” అని చెప్పాడు. ఎవరికి చెప్పాడో ఆయన ఆలోచించలేదు.

ఆ రాత్రే ఆయన ఫోను చేస్తే, మర్నాడు పొద్దున్నే చెంచమ్మ మొదటి బస్సుకు బ్యారన్‌కు వచ్చింది. వెంట ఇద్దరు ఆడవాళ్ళు, ఆటోలో గడ్డి చుట్టిన ముప్పై కొత్త కుండలు. బ్యారన్ నడిమధ్య షాహీనా ఉడకబెట్టి ఆరబెట్టిన తెల్లగుడ్డ పరిచింది, పక్కన రాతి కల్వం పెట్టింది. వేదగిరి కుండను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఈసారి ఎవరూ తీర్థమా అని అడగలేదు.

ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తాడు. ఆ రోజు శ్మశానంలో వదిలేసి చూడకుండా నడవమన్నారు. ఇప్పుడు చూడకపోతే కుదరదు. ఒక్క పెంకు కూడా పోకూడదు. వదిలాడు. గుడ్డ మీద పడిన కుండ పెద్దగా చప్పుడు చేయలేదు. మూడు ముక్కలైంది. పెంకు అంచున, ఎర్రమట్టి మధ్యలో, దారపు పోగంత సన్నటి పచ్చటి గీత తడిగా మెరిసింది.

“ప్రాణమే!” అంది చెంచమ్మ.

పెంకులన్నీ ఏరి ఆయనే కల్వంలో నూరాడు. చెయ్యి నొప్పి పుట్టినా షాహీనాకు ఇవ్వలేదు. ఆమె కూడా అడగలేదు. పొడిని కడుగునీళ్ళతో కలిపి ముప్పై కుండలకు పూశారు. ఒకటి మిగిలితే సారు ఇంట్లో పెడదామని ఆ ఆడవాళ్ళలో ఒకామె అనబోయింది. చెంచమ్మ ఆమె మోచేయి గిల్లింది.

“ఇచ్చిన ఇంటికి ఏడాది దాకా తిరిగి రాకూడదే. తోడు విరిగిపోద్ది.” ఆమె వేదగిరి వైపు తిరిగింది. “ఏడాది తిరిగిన నాడు నేనే మోసుకొస్తా సారూ. మోకాళ్ళు ఉంటే.”

“ఉంటాయిలే,” అన్నాడు వేదగిరి.

“ఇంకోటి గూడా. ఈ తూరి ఒక కుండ ఊళ్ళో ఉంచం. ఈ అమ్మాయి ఇంట్లో పెడతాం. వాళ్ళకి మా మైల అంటదు గదా.”

షాహీనా కళ్ళజోడు తీసింది. “మా అమ్మ కుండ చూస్తే చింతపండు పెట్టి తోమేస్తది ఆంటీ.”

“అట్టయితే మీయమ్మతో నేను మాట్లాడతా, ఫోను కలుపు,” అంది చెంచమ్మ. పొద్దున్నుంచి ఆ బ్యారన్‌లో మొదటిసారి అందరూ నవ్వారు. ఫోనులో ఇద్దరు ఆడవాళ్ళూ పావుగంట మాట్లాడుకున్నారు. అందులో పది నిమిషాలు మోకాళ్ళ నొప్పుల గురించే.

*

పూసిన జీవి లేచిందో లేదో పదకొండో రోజుకు తెలుస్తుంది. లేస్తే పలుకుతుంది. పలకకపోతే, ఇక అడగడానికి తల్లి లేదు.

ఆ పది రోజులూ వేదగిరి ఆరూ ఇరవైకి ఇంట్లో ఉండకుండా చూసుకున్నాడు. ఒకరోజు కూరగాయల బజారుకు పోయి అక్కర్లేని బెండకాయలు కొన్నాడు. ఒకరోజు ఊరికే రైల్వేస్టేషను దాకా నడిచి వచ్చాడు. బియ్యం రెండు గుప్పిళ్ళు తగ్గించాలని గుర్తుండేది కాదు. పిచ్చుకలకు మాత్రం ఏ లోటూ రాలేదు.

పదకొండో రోజు ఆరింటికే వచ్చి వంటింట్లో కూర్చున్నాడు. ఇసుకలో కుండ కూర్చున్న గుండ్రటి గుంట అలాగే ఉంది. అలవాటుగా బియ్యం కడిగాడు. గిన్నె చేతిలో ఉండగా ఎటు పోయాలో తెలియక నిలబడ్డాడు. ఫోను పీట మీద పెట్టాడు.

ఆరూ ఇరవై. ఫోను మోగలేదు.

నలిగితే మర్చిపోద్ది. తెలుసు. ఆ పేరా రాసింది తనే. అయినా ముల్లు ఇరవై రెండు మీదికి, ఇరవై అయిదు మీదికి పోతుంటే ఆయన చూస్తూనే ఉన్నాడు. ఆరున్నర అయింది. ఏడైంది. కుక్కరు పెట్టుకోలేదు. ఆ పిల్ల పెదవి లాగి చూపించిన రెండు పళ్ళూ గుర్తొచ్చి, అంతా పోయింది, అనుకున్నాడు. వేళా పోయింది, జీవీ పోయింది. ఇంటా లేదు, ఊళ్ళోనూ లేదు. చీకటి పడింది, లేచి దీపం వేయబుద్ధి కాలేదు.

ఏడూ నలభై రెండుకు ఫోను మోగింది.

“సారూ!” చెంచమ్మ అరుస్తోంది. వెనకాల ఎవరెవరో కేకలు. “ఇప్పుడే సారూ! నేను కూలి నుంచొచ్చి బియ్యం కడిగి పోశానో లేదో, నలుగురి ఇళ్ళల్లోనూ ఒకటే మోత! కుండలు ఊరికి తెచ్చిన కాడినుంచీ రోజూ ఏడూ నలభైకే గదా నేను పోసేది. నా కుండని చూసి ఆళ్ళూ అదే ఏళకి పోశారు. దానికి నా ఏళ పట్టుకుంది సారూ, హైమమ్మ ఏళ గాదు. ఏమనుకోమాక.”

“ఎన్నిటికన్నావమ్మా?”

“ఏడూ నలభై. రెండు నిమిషాలు అటూ ఇటూ.”

ఆయన చీకట్లోనే తడుముకుని నోటుపుస్తకం తీసి, ఆ అంకె రాసుకున్నాడు. “ఒక్కసారి ఫోను దాని దగ్గర పెడతావా?”

కాసేపు గరగరలు, పిల్లల గోల, ఎవరో వాళ్ళను ఉష్ అని ఊరుకోబెట్టడం. తర్వాత ఆ సవ్వడి. నానబోసిన పెసల సవ్వడి. వేళ మారింది గానీ పలుకు అదే. ఆయన ఫోను చెవికి నొక్కిపెట్టుకుని అది అయిపోయేదాకా విన్నాడు.

“విన్నారా సారూ?”

“విన్నానమ్మా. పిల్లకి నీళ్ళు ఇవాళే పట్టకు. ఇంకో మూడు రోజులాగి, షాహీనా వచ్చి చూశాక పట్టు.”

“అట్టాగే. మీరు తిన్నారా?”

ఆ ప్రశ్న అడిగే మనిషి ఉందని ఆయనకు ఆలస్యంగా తోచింది. “ఇప్పుడు తింటాను,” అన్నాడు.

దీపం వేశాడు. కడుగునీళ్ళు తీసుకెళ్ళి పెరట్లో కరివేపాకు మొదట్లో పోశాడు. బియ్యం పొయ్యి మీద పెట్టి, పొద్దుటి పప్పుతో తిన్నాడు. పళ్ళెం కడిగి బోర్లించాడు. ఇసుకలోని గుంటను చేత్తో సర్దబోయి, వద్దనుకుని వదిలేశాడు. ఏడాది ఎంతలో తిరుగుతుంది.

తర్వాత వంటింటి గుమ్మం దగ్గర వంగి, ఏడేళ్ళుగా తలుపుకు అడ్డంగా ఉన్న ఇటుకముక్కను తీసి పక్కన పెట్టాడు. బందులు బిగుసుకుపోయి ఉన్నాయి. రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా, నెమ్మదిగా తలుపు మూశాడు.